పత్తిగుట్ట మీద వదిన

మా వదిన పెద్దకర్మకు వచ్చినవాళ్ళలో చాలామంది ఆమెను ఎన్నడూ కళ్ళతో చూడనివాళ్ళు. తెనాలి నుంచి ఒకాయన, ఒంగోలు నుంచి భార్యాభర్తలు, హైదరాబాదు నుంచి ఉద్యోగాలు చేసుకునే ఇద్దరమ్మాయిలు, కనిగిరి నుంచి రిటైరైన ఒక పెద్దమనిషి. అద్దంకిలో బస్సు దిగి, ఆటోలు మాట్లాడుకుని, మా ఊరు వెతుక్కుంటూ వచ్చారు. వీళ్ళంతా వదిన బ్లాగు చదివేవాళ్ళు, దాని కింద మా ఆవిడ రాసిన కబురు చూసి వచ్చారు. అన్నయ్యకు వాళ్ళెవరో తెలియదు. "ఎవర్రా వీళ్ళు, మీ కాలేజీవాళ్ళా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. కాదన్నాను. మా కాలేజీ నుంచి ఎవరూ రాలేదు.

వాళ్ళు ఫోటోకు దణ్ణం పెట్టుకుని, అన్నయ్యను పలకరించి, మెల్లగా నా చుట్టూ చేరారు. "గుంటూరు మరిదిగారంటే మీరేనాండీ?" అని ఆ అమ్మాయిల్లో ఒకతె అడిగింది. అవునన్నాను. ఆ పిల్ల పక్కపిల్ల వంక చూసి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. చావింట్లో జనానికి నవ్వు తెప్పించే మనిషినయ్యాను, నోరైనా విప్పకుండానే. తర్వాత తెనాలి ఆయన గొంతు తగ్గించి, "ఆ పత్తిగది ఒక్కసారి చూడొచ్చాండీ?" అన్నాడు.

తీసుకెళ్ళి చూపించాను. పత్తి అమ్మేసి, ఊడ్చిన గది. గోడకు పైన, దూలాలకు కొంచెం కింద ఒక చిన్న గవాక్షం. అందరూ తలెత్తి దాన్ని చూశారు. "అంత ఎత్తునానండీ కూర్చునేది?" అని ఒంగోలు ఆవిడ ఆశ్చర్యపోయింది. కనిగిరి పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను గైడులాగా పక్కన నిలబడి, ఇక్కడిదాకా పత్తి ఉండేదండీ, ఇదుగో ఇక్కడ పీట వేసుకునేదండీ, అని చెయ్యెత్తి చూపిస్తున్నాను. చెబుతున్నంతసేపూ లోపల కుళ్ళుకుంటున్నాను. నేనూ బ్లాగు రాస్తాను. ఆమె కంటే ముందే మొదలుపెట్టాను. ఎమ్మే తెలుగు చదివి, గుంటూరులో ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతున్నాను. రేపు నేను పోతే, ఆయన రాసుకున్న బల్ల ఎక్కడండీ అని ఎవడొస్తాడు?

అసూయ అనేది మామూలుగా తోటికోడళ్ళ మధ్య ఉండాల్సిన వస్తువు. మా ఇంట్లో అది దారి తప్పి మరిది మీద పడింది. మా ఆవిడా, వదినా మాత్రం ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళలా ఉండేవాళ్ళు. అక్కా అంటే ఏమే అనడం, గంటలు గంటలు ఫోను. ఆ ఫోన్లలో నా ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకునేది. ఆ తలుపు వెనకనుంచి నవ్వు వినిపించేది.

వదిన పుట్టిల్లు పొన్నూరు. బియ్యం వ్యాపారస్థుల ఇల్లు. కాపురానికి మా మెట్ట ఊరికొచ్చి ఎన్నేళ్ళైనా "మా పొన్నూరులో" అనకుండా మాట మొదలుపెట్టేది కాదు. మా పొన్నూరులో నిన్నటన్నం పెడితే కాకి కూడా ముట్టదు. మా పొన్నూరులో చెయ్యి కడుక్కున్న నీళ్ళతో మీ ఊళ్ళో ఎకరం తడుస్తుంది. మా ఊరి నీళ్ళు ఉప్పన, మా ఊరి కందిపప్పు ఉడకదు, మా ఊరి గేదెకు మర్యాద తెలియదు. అన్నయ్య ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "అంత బాగుంటే ఇక్కడెందుకున్నావు వదినా?" అన్నాను.

"ఏం చేసేది మరిదీ, మీ అన్నయ్య పొన్నూరులో పండడుగా" అంది. అన్నయ్య తువ్వాలుతో మొహం తుడుచుకునే వంకన నవ్వు దాచుకున్నాడు. మా ఆవిడ దాచుకోలేదు.

అణకువ అనేది ఆమెలో వెతికినా దొరికేది కాదు. బీకాం ఫస్టుక్లాసు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. నా ఎమ్మే ముందు కూడా ఆ మాట గొంతు తగ్గించి అనలేదు. ఆమెకు రాయడం వచ్చని మాత్రం మాలో ఎవరికీ తెలియదు, బహుశా ఆమెకూ తెలియదు. ఆ చిన్న లాప్‌టాప్ ఇంట్లోకి రాకపోతే ఎప్పటికీ తెలిసేది కాదేమో.

అది చెన్నైలో ఉద్యోగం చేసే వాళ్ళ తమ్ముడు కొన్నాళ్ళు వాడి, విసుగుపుట్టి వదిలేసింది. గుంటూరు యార్డులో మిర్చి రేటు రోజూ ఇంట్లోనే చూసుకోవచ్చని అన్నయ్యను ఒప్పించి తెచ్చుకుంది. పెద్ద సైజు పంచాంగమంత ఉండేది. ఒక పని చెబితే చేసేది, రెండోది చెబితే మొహం మాడ్చుకుని కూర్చునేది. అక్షరాల మీటలు ఎంత చిన్నవంటే, నా వేలు ఒకదాని మీద పెడితే మూడు పడేవి. దాని పక్కన గుచ్చడానికి ఒక డేటా కార్డు. లైను దొరికితే ఆకుపచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. మా ఊళ్ళో ఎక్కువగా ఎర్రదే.

వదిన లాప్‌టాప్‌ను "పిల్లది" అనేది. డేటా కార్డును "అల్లుడు" అనేది. ఎందుకలా అంటే, "పిల్లనిచ్చాక అల్లుడు చెప్పినట్టే కదా వినాలి" అనేది. నిజంగానే అల్లుడి లక్షణాలన్నీ ఉన్నాయి దానికి. పిలిచినప్పుడు రాదు. వస్తే మంచి చోటు చూసి కూర్చోబెట్టాలి. కూర్చున్నాక ఎందుకు అలిగిందో చెప్పదు. "అల్లుడొచ్చాడా అక్కా?" అని మా ఆవిడ ఫోనులో అడిగేది. "వచ్చాడే, కాళ్ళు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయాడు" అని అటునుంచి జవాబు.

మొదట్లో లైను కోసం ఆ లాప్‌టాప్‌ను రెండు చేతులతో హారతి పళ్ళెంలా పట్టుకుని వసారాలో, పెరట్లో, గడ్డివామి చుట్టూ తిరిగేది. ఎదురింటి ముసలమ్మ గోడమీదనుంచి చూసి, "ఏం నోమే అమ్మాయ్ ఇది?" అని అడిగింది.

"అల్లుడి నోము అత్తయ్యా."

"మీకు ఆడపిల్లే లేదుగా?"

"అందుకే నోము పట్టాను."

అలా తిరిగి తిరిగి, చివరికి లైను ఎక్కడ దొరికిందంటే పత్తిగదిలో. మా వైపు పత్తి తీశాక వెంటనే అమ్మరు. రేటొస్తుందని ఒక గదిలో పోసి, తొక్కి, దూలాలదాకా నింపి ఆగుతారు. ఆ గుట్టమీదికెక్కి గవాక్షం దగ్గర కార్డు పెడితే దీపం ఆకుపచ్చగా వెలిగిందట. ఇక ఆమె కొలువు అక్కడే. నిచ్చెన వేసుకుని ఎక్కేది. ఒడిలో చేట, చేటలో లాప్‌టాప్. పత్తిలో నేరుగా పెడితే అది వేడెక్కి ఆగిపోయేది. అన్నయ్యకేమో నిప్పు రవ్వ భయం. కింద బకెట్టుతో నీళ్ళు పెట్టుకుని, మంచమ్మీద కూర్చుని వక్క నములుతూ పైకి చూస్తుండేవాడు. వదిన కుడిచేతి ఒక్క వేలితో టైపు కొట్టేది. ఎడమచేత్తో కార్డును, చెవి మెలిపెట్టినట్టు, గవాక్షం వైపు తిప్పి పట్టుకునేది. లైను పోతే తిట్టేది కాదు. మూత వేసి, "ఇల్లు గుర్తుంటే ఆయనే వస్తాడు" అని దిగేది. ఒంటినిండా పత్తి అంటుకుని ఉండేది.

అక్కడ కూర్చుని మిర్చి రేట్లు చూసిందో లేదో నాకు తెలియదు. ఒకరోజు నా బ్లాగు చూసిందట. చూసి, "మరిదే రాయగాలేంది నేను రాయలేనా" అనుకుందట. ఈ ముక్క ఆమె తన మొదటి పోస్టులోనే రాసుకుంది. జనం విరగబడి నవ్వారు.

ఆమె రాతలు అర పేజీకి మించవు. దానికి కారణం ఉంది. అప్పట్లో ఆమె తెలుగు రాసే పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే నెట్టు దాన్ని తెలుగులోకి మార్చి ఇచ్చేది. లైనుంటేనే మాట తెలుగవుతుంది. లైను పోతే ఆ ఇంగ్లీషు అక్షరాలు అలాగే మిగిలిపోతాయి. అందుకని, అల్లుడు లేచి వెళ్ళేలోపు చెప్పదల్చుకున్నది చెప్పేసి చేతులు దులుపుకోవాలి. పొడుగు మాటలు వాడదు, ఉపోద్ఘాతం ఉండదు. మిరపకాయల కల్లం మీద ఒక పోస్టు మొత్తం ఇంతే: "కల్లంలో మిరపకాయలు ఏరేటప్పుడు అందరం తుమ్ముతాం. ఎవరూ ఎవరికీ చిరంజీవ అనరు. అంటూ కూర్చుంటే సాయంత్రందాకా అదే పని. చచ్చేవాళ్ళు చస్తారు, కాయలు మాత్రం పొద్దుగూకేలోగా ఏరాలి."

దీనికింద వరసపెట్టి వ్యాఖ్యలు. ఎంత క్లుప్తంగా రాస్తారండీ, ఒక్క మాట ఎక్కువ లేదండీ, గుంటూరు కారం అంటే ఇదేనండీ. అదే వారం నేను మిరప అనే మాట ఎలా పుట్టింది, మిరియానికీ మిరపకూ చుట్టరికం ఏమిటి అని పరిశోధించి, భాగాలు భాగాలుగా రాస్తున్నాను. దానికి ఒకే ఒక్క వ్యాఖ్య వచ్చింది. టెంప్లేటు రంగు మార్చండి, కళ్ళు లాగుతున్నాయి అని.

పోనీ, బయటివాళ్ళు ఎలా చచ్చినా పరవాలేదు. నాకు కావలసిన పాఠకురాలు ఒక్కతే, మా ఆవిడ. గుంటూరులో మా ఇంట్లో కంప్యూటరుకు మంచి లైనుంది, అలకల్లేవు. ఆవిడ పొద్దున్నే అది పెట్టుకుని కూర్చునేది. "ఏవండీ, అక్క పోస్టు పడింది" అని కేకేసి, పెద్దగా చదివి వినిపించేది. చదువుతూ మధ్యలో నవ్వు ఆపుకోలేక ఆగిపోయేది. అట్టు పెనం మీద మాడిపోయేది. ఆ మాడిన అట్టే నా కంచంలో పడేది.

"నాది చదివావా?" అని అడిగేవాణ్ణి.

"తీరిగ్గా చదవాలండీ. పెద్దది కదా."

ఆ తీరిక మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. సెలవుల్లో రాలేదు, పండగల్లో రాలేదు, ఆవిడకు కాలు బెణికి మంచమ్మీద ఉన్న రోజుల్లో కూడా రాలేదు. అప్పుడు వదిన పాత పోస్టులు మళ్ళీ మొదటినుంచి చదువుకుంది.

ఉక్రోషం పట్టలేక వదిన పోస్టు కింద నా పేరుతోనే ఒక వ్యాఖ్య రాశాను. క్లుప్తత ఒక సాధన అనీ, లైను లేక ఆగిపోవడాన్ని క్లుప్తత అనరనీ, పైగా మూడో వాక్యంలో ఒక వత్తు తప్పనీ. గంటలో ఆమె జవాబు: "మరిదిగారూ, తప్పు దిద్దినందుకు సంతోషం. మీ బ్లాగులో తప్పులు పట్టడానికి కూడా ఎవరైనా వస్తే బాగుండును, పాపం." దానికింద నవ్వులే నవ్వులు. గుంటూరు మరిదిగారు అన్న పేరు నాకు స్థిరపడింది ఆనాడే. అప్పట్నుంచీ ఆమె పోస్టుల్లో నేను ఒక పాత్రనయ్యాను. మరిదిగారు ఫ్యాను కింద కూర్చుని వర్షం గురించి ఏమన్నారు, మరిదిగారు వంకాయ కొనడానికి ఎన్ని గ్రంథాలు తిరగేశారు. బాధేమిటంటే, అన్నీ నిజాలే.

ఆమె అదృష్టం సంగతి కూడా చెప్పాలి. ఒక ఏడు పత్తి ధర కాస్త పలుకుతోందని అన్నయ్య అమ్మేద్దామన్నాడు. ముందు కొంత తీసి తూకానికి పంపాడు. గుట్ట తగ్గింది. ఇంకా తగ్గితే వదిన గవాక్షానికి అందదు, అల్లుడు రాడు. అందుకని ఆమె గంభీరంగా, "ఇప్పుడే మిగతాది అమ్మొద్దు, కొన్నాళ్ళు ఆగండి" అంది. ఈమె రోజూ నెట్టు చూస్తోంది కాబట్టి ఏదో తెలిసే చెబుతోందని అన్నయ్య ఆగాడు. అన్నయ్య ఆగాడని పక్కింటాయన ఆగాడు. రచ్చబండ మీద ఆ మాట పాకి ఊళ్ళో సగంమంది పత్తి ఇళ్ళలోనే పెట్టుకున్నారు. దారిన పోయేవాళ్ళు మా వాకిట్లో నిలబడి, "ఏమ్మా, నెట్టులో ఏమంటన్నారు?" అని కేకేసేవాళ్ళు. పత్తిగదిలోంచి, పైకప్పు దగ్గర్నుంచి, "ఆగమంటున్నారు!" అని వదిన గొంతు.

ఆ సంగతి తెలిసి కంగారుపడ్డాను. "వదినా, ఇది ఊరందరి పంట. రేటు పడిపోతే మొహం ఎక్కడ పెట్టుకుంటావు?" అని ఫోను చేశాను.

"పడిపోతే పొన్నూరు పోతాను మరిదీ."

రేటు పడిపోలేదు. పెరిగింది. ఊరు ఊరంతా ఆమెను పొగిడింది. ఎదురింటి ముసలమ్మ కొడుకు కొత్త కందులు ఒక బస్తా తెచ్చి వసారాలో దించిపోయాడు. వదిన ఏమాత్రం సిగ్గుపడకుండా పుచ్చుకుంది. అసలు కథేమిటో తన బ్లాగులో పూసగుచ్చినట్టు రాసేసింది. ఊళ్ళోవాళ్ళు బ్లాగులు చదవరు కాబట్టి సరిపోయింది. అదే సలహా నేనిచ్చి ఉంటే రేటు తెల్లారేసరికి పాతాళానికి పోయేది, అందులో నాకేమీ అనుమానం లేదు.

ఇక నేను చేసిన పని. గుట్టుచప్పుడు కాకుండా అలాంటి చిన్న లాప్‌టాపే ఒకటి కొన్నాను. అలాంటి కార్డే కొన్నాను. రహస్యం ఆ వస్తువులో ఉందనీ, ఆ అరకొర లైనులో ఉందనీ నాకు గట్టిగా అనిపించింది. ఇబ్బందిపడి రాస్తే నాకూ అలాగే వస్తుందనుకున్నాను. కాలేజీకి సెలవులివ్వగానే ఊరికి వెళ్ళి సంచీలోంచి దాన్ని తీసేసరికి, వదినా మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రా మరిదీ, ఎక్కు" అని వదిన నిచ్చెన వేసి పట్టుకుంది. "నా చోటే ఇస్తున్నా. చేట కూడా తీసుకో."

ఎక్కాను. మొదటి అడుగుకే మోకాళ్ళదాకా దిగబడ్డాను. పీట ఒకవైపు ఒరిగింది, నేను ఇంకోవైపు ఒరిగాను. నూగు ముక్కులోకి పోయి తుమ్ములు. కార్డు ఎటు తిప్పినా ఎర్ర దీపమే. కింద అన్నయ్య బకెట్టు దగ్గరికి జరుపుకున్నాడు. చివరికి వదినే కిందనుంచి, "ఎడంచేత్తో కాస్త పైకి, ఇంకాస్త, ఆఁ, అక్కడ పట్టుకో. బతిమాలు" అంది. దీపం ఆకుపచ్చగా మారింది. లైనొచ్చింది. చెయ్యి పైకెత్తి, మెడ వంచి, చెమటలు కక్కుతూ చాలాసేపు కూర్చున్నాను. ఎప్పుడూ లేంది ఆరోజు లైను పోనే లేదు. నేను మాత్రం ఒక్క వాక్యం రాశాను. "భారతీయ వ్యవసాయ చరిత్రలో పత్తి పాత్ర అత్యంత ప్రాచీనమైనది."

దిగాక వదిన అది చదివింది. నవ్వుతుందనుకుని సిద్ధంగా ఉన్నాను. నవ్వలేదు. నా జుట్టులో చిక్కుకున్న పత్తి తీస్తూ, "నీకేం మరిదీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెప్పొచ్చని నీ ధీమా. నాకు అల్లుడు ఇప్పుడే లేచిపోతాడేమోనని భయం. ఆ భయంతో రాస్తా. అంతకంటే ఏమీ లేదు" అంది. ఆ మాటకు నాకింకా మండింది. ఓడించి ఊరుకోవచ్చు కదా, మళ్ళీ పాఠం కూడా చెప్పాలా?

మొన్న వర్షాలకు వదినకు జ్వరమన్నారు. మామూలు జ్వరమే అనుకున్నారు. ఒంగోలు తీసుకెళ్ళేసరికి చెయ్యిదాటిపోయింది. అంతకుముందు రోజు మా ఆవిడతో ఫోనులో మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఎప్పటిలాగే తలుపు వేసి ఉంది.

పెద్దకర్మ నుంచి గుంటూరు వచ్చాక, ఆమె మీద రాయాలని కూర్చున్నాను. ఆ వచ్చినవాళ్ళందరికంటే నాకే ఎక్కువ తెలుసునన్న పంతం కొంత ఉంది. చాలా పేజీలు వచ్చింది. ప్రింటు తీసి, మా ఆవిడ కూరగాయలు తరుగుతుంటే పక్కన పెట్టాను. ఎప్పటిలాగే తీరిక అంటుందనుకున్నాను. కత్తిపీట పక్కకు జరిపి, చేతులు తుడుచుకుని, కాగితాలు తీసుకుంది. మొదటినుంచి చివరిదాకా చదివింది. మధ్యలో లేవలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. పెళ్ళైనప్పట్నుంచి నేను ఎదురుచూసిన దృశ్యం అది.

"బాగుంది" అంది. తర్వాత, "అక్కైతే ఇందులో సగం కొట్టేసేది" అంది.

"ఏ సగం?"

కుర్చీ లాక్కుని నా బల్ల దగ్గర, నా పక్కనే కూర్చుంది. వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. నా పరిశోధన గురించిన పేజీ, నా గురువుల గురించిన పేజీ, బ్లాగుల పుట్టుపూర్వోత్తరాలు. "ఇదంతా మీరేగా, అక్కేదీ?" అంది. ఆవిడ చూపిస్తూ పోయింది, నేను కొట్టేస్తూ పోయాను. ఎమ్మే సంగతి మాత్రం పట్టుబట్టి ఉంచుకున్నాను. ఇది ఉంచండి, ఇదీ ఉంచండి అన్నచోటల్లా చూస్తే, అన్నీ వదిన నోటి మాటలే. నావి ఒకటీ లేవు. అప్పుడు కూడా నాకు కుళ్ళు పుట్టింది, అబద్ధం చెప్పను.

చివరి కాగితం మీద ఆవిడ వేలు ఆగిపోయింది.

"ఏవండీ, ఇంక అక్క పోస్టు పడదు కదా" అంది.

పడదన్నాను. మా ఇంట్లో చదువుకోడానికి ఇక నా రాతలే మిగిలాయి. నా పక్కన కూర్చుని ఆవిడ వాటిని చదువుతోంది కూడా. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే. ఇలా దొరుకుతుందని తెలిస్తే కోరుకునేవాణ్ణి కాదు.